మార్చి కరెంటుకు నవంబరు లెక్క

2025 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బిల్లు మీద యూనిట్‌కు 13 పైసల తగ్గింపు మొదలైంది. 2024-25లో ఇంధన సర్దుబాటు పేరుతో డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) నెలనెలా యూనిట్‌కు 40 పైసల చొప్పున వసూలు చేశాయి. అందులో 923.55 కోట్లు ఎక్కువ తీసుకున్నారని విద్యుత్ నియంత్రణ మండలి తేల్చి, వెనక్కి ఇమ్మంది. దీని పేరు ట్రూడౌన్. సరిగ్గా ఏడాది ముందు, 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో, ఇదే మండలి 2022-23కు 6,072.86 కోట్లు, 2023-24కు 9,412.50 కోట్లు జనం దగ్గర వసూలు చేసుకోవడానికి ఒప్పుకుంది. అది ట్రూఅప్.

పెంచినప్పుడు గొడవ జరిగింది, తగ్గించినప్పుడు ప్రచారం జరిగింది. అసలు ముందుగా వేసుకున్న ఖర్చు లెక్క ఎందుకు తప్పింది? అందులో బొగ్గు వాటా ఎంత, వాన వాటా ఎంత, కొనేవాళ్లు చేసిన పొరపాటు ఎంత? దీని మీద చర్చ మాత్రం రెండుసార్లూ లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. కొన్న ఖర్చంతా బిల్లులోకి తోసేసే హక్కు డిస్కంకు ఇచ్చాం. కాబట్టి అంచనా తప్పినందుకు వచ్చే నష్టంలో చిన్న వాటా అయినా డిస్కమే మోయాలి. ఆ వాటా తేలాలంటే ముందు ట్రూఅప్ మొత్తాన్ని ముక్కలు చేసి చూపించాలి. ఎక్స్ఛేంజి (కరెంటు అమ్మకాలు, కొనుగోళ్లు జరిగే మార్కెట్) సంస్కరణలు, ధర పరిమితులు, స్మార్ట్ మీటర్లు అన్నీ దీని తర్వాతే.

బిల్లులో ఏది ధర, ఏది బాకీ

నెలకు 200 యూనిట్లు వాడే ఇంటిని తీసుకోండి. 2022 ఏప్రిల్ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పున 57, తర్వాతి 45 యూనిట్లకు రూ.3 చొప్పున 135, ఆపై 50 యూనిట్లకు రూ.4.50 చొప్పున 225, మిగిలిన 75కు రూ.6 చొప్పున 450. మొత్తం 867 రూపాయలు. కిలోవాట్‌కు 10 రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జి, విద్యుత్ సుంకం వేరు. దీని మీద 40 పైసల సర్దుబాటు 80 రూపాయలు, అంటే ఎనర్జీ ఛార్జీలో తొమ్మిది శాతానికి పైనే. టారిఫ్ ముట్టుకోలేదని ఏ ప్రభుత్వమైనా నిజాయితీగానే చెప్పుకోవచ్చు, బిల్లు మాత్రం తొమ్మిది శాతం పెరుగుతుంది. పైగా స్లాబులకు ఉన్న దయ దీనికి లేదు. 40 యూనిట్ల ఇంటికీ 400 యూనిట్ల ఇంటికీ యూనిట్‌కు అదే 40 పైసలు.

పాత సంవత్సరాల ట్రూఅప్ దీనికంటే ఇబ్బందికరమైనది. 2022-23లో ఆ సర్వీసు నంబరు మీద ఎన్ని యూనిట్లు తిరిగాయో చూసి, దాని సర్దుబాటును 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వేశారు. అప్పుడున్న అద్దెవాళ్లు ఏసీ వాడి ఖాళీ చేసి వెళ్లిపోతే, ఇప్పుడు రెండు ఫ్యాన్లతో కాపురం చేస్తున్నవాళ్లు ఆ బాకీ కట్టాలి. కొత్త కనెక్షన్ తీసుకున్నవారికి ఏమీ పడదు. ధర అన్నది వాడేవాడికి వాడేటప్పుడే తెలియాలి, లేకపోతే దాన్ని చూసి వాడకం తగ్గించుకునే వీలే ఉండదు. రెండేళ్ల తర్వాత వచ్చే ఛార్జిని ధర అనలేం. అది మీటరుకు అంటుకున్న బాకీ.

ఈ ఆలస్యం తగ్గించడానికే కేంద్రం 2022 డిసెంబరు చివర్లో నియమాలు మార్చి, ఇంధన, కొనుగోలు ఖర్చును నెలనెలా ఆటోమేటిక్‌గా వేసేయమంది. 2023 ఏప్రిల్ నుంచి మన 40 పైసలు అక్కడి నుంచి వచ్చినవే. ఆలస్యం కొంత తగ్గిన మాట నిజం, దాన్ని కాదనను. ప్రశ్న అడిగే సందర్భం కూడా దాంతోపాటే తగ్గింది.

పదహారు నెలల ముందు వేసే లెక్క

డిస్కంలు వచ్చే ఆర్థిక సంవత్సరానికి ఎంత కరెంటు కావాలో, ఎక్కడెక్కడ ఎంతకు కొంటాయో నవంబరు 30లోగా మండలికి ఏఆర్‌ఆర్ (ఏడాదికి కావలసిన ఆదాయం లెక్క) రూపంలో ఇవ్వాలి. జనవరి, ఫిబ్రవరిలో బహిరంగ విచారణ, మార్చి లోపు టారిఫ్ ఉత్తర్వు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై తర్వాతి మార్చిలో ముగుస్తుంది. అంటే నవంబరులో వేసే లెక్కకు చివరి నెల పదహారు నెలల దూరంలో ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల దురదృష్టం ఏమిటంటే, ఆ చివరి నెలే మనకు అత్యంత కష్టమైన నెల. మార్చిలో రబీ వరి గింజ పట్టే దశలో ఉంటుంది, బోర్లు ఆగకూడదు. ఎండలు ముదిరి ఊళ్లలో ఫ్యాన్లు, ఏసీలు నడుస్తుంటాయి. పరిశ్రమలు సంవత్సరాంతపు ఉత్పత్తి మీద ఉంటాయి. అంచనా ఎక్కడ ఎక్కువగా తప్పుతుందో అక్కడే కరెంటు ఖరీదు ఎక్కువ.

వాన విషయం ఇంకా సున్నితం. వాన తక్కువైతే రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. కృష్ణలో వరద రాకపోతే శ్రీశైలం, నాగార్జునసాగర్ యూనిట్లు తిరగవు, చవక జలవిద్యుత్ పోతుంది. అదే కారణంగా కాలువల కింద రైతు కూడా బోరు వేస్తాడు, డిమాండ్ పెరుగుతుంది. ఏఆర్‌ఆర్‌లో జలవిద్యుత్తుకు ఒక సగటు, వ్యవసాయానికి ఒక వృద్ధి రేటు, రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు వేర్వేరు పేజీల్లో ఉంటాయి. ఆగస్టు చివరికల్లా జలాశయాల మట్టం చూసి ఏ ఇంజినీరైనా చెప్పగలడు ఆ మార్చి ఎలా ఉండబోతోందో. సెప్టెంబరులో లెక్క తిరగరాసి మండలి ముందు పెట్టాలన్న నిర్బంధం ఉంటే, మార్చికి కావలసిన కరెంటు అప్పుడే తక్కువలో ఒప్పందం చేసుకోవచ్చు. లేదా పంజాబ్ లాంటి రాష్ట్రంతో మార్పిడి కుదుర్చుకోవచ్చు. వాళ్లకు వరి నాట్లు జూన్‌లో, మనకు ఒత్తిడి మార్చిలో. మార్చిలో వాళ్ల దగ్గర తీసుకుని జూన్, జూలైలో తిరిగి ఇస్తే మధ్యలో డబ్బు చేతులు మారే పనే దాదాపు ఉండదు. ఈ స్వాపింగ్ ఇప్పటికే జరుగుతోంది. అయితే ఎంత ముందుగా, ఎంత పరిమాణంలో అన్నది మాత్రం పూర్తిగా కొనేవారి చురుకుదనం మీద ఆధారపడి ఉంది.

కొనుగోలు లోపల ఏముంటుంది

థర్మల్ ప్లాంటుతో పీపీఏ (దీర్ఘకాల విద్యుత్ కొనుగోలు ఒప్పందం) అంటే రెండు రకాల చెల్లింపులు. ప్లాంటు కట్టినందుకు ఫిక్స్‌డ్ ఛార్జీ, కాల్చిన బొగ్గుకు వేరియబుల్ ఛార్జీ. ప్లాంటు సాధారణంగా 85 శాతం అందుబాటులో ఉన్నట్టు చూపిస్తే ఫిక్స్‌డ్ ఛార్జీ మొత్తం ఇవ్వాలి, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా. రోజూ ఎవరిని నడపాలన్నది వేరియబుల్ ఛార్జీ చూసి నిర్ణయిస్తారు, తక్కువవాళ్లు ముందు, ఎక్కువవాళ్లు తర్వాత. దీన్నే మెరిట్ ఆర్డర్ అంటారు. పగలు సోలార్ వచ్చేసరికి థర్మల్ యూనిట్లను దించుతారు. కానీ 55 శాతం కంటే దించడం కష్టం, మంట నిలబెట్టడానికి ఆయిల్ కాల్చాల్సి వస్తుంది. పూర్తిగా ఆపేస్తే సాయంత్రానికి మళ్లీ ఎక్కించలేరు. అందుకే మధ్యాహ్నం మిగులు, సాయంత్రం ఏడింటికి లోటు, రెండూ ఒకే రోజు కనిపిస్తాయి. ఈ సంగతి తెలియకపోతే "మిగులు రాష్ట్రమై ఉండి ఎందుకు కొంటున్నారు" అన్న ప్రశ్నే మిగులుతుంది.

వేరియబుల్ ఛార్జీ ఎలా పెరుగుతుందో చిన్న లెక్కలో చూద్దాం. యూనిట్‌కు 2,400 కిలోకేలరీల వేడి కావాలనుకోండి. కిలోకు 3,600 కిలోకేలరీల దేశీయ బొగ్గు టన్ను 4,500 రూపాయలకు చేరితే, యూనిట్‌కు 667 గ్రాములు, మూడు రూపాయలు. ఇందులో బరువు లెక్కన పది శాతం దిగుమతి బొగ్గు కలపండి: వేడి 5,000, ధర టన్నుకు 15,000. మిశ్రమం కిలోకు 3,740 కిలోకేలరీలు, ధర రూ.5.55. యూనిట్‌కు 642 గ్రాములు చాలు, కానీ ఖర్చు రూ.3.56. పది శాతం కలిపితే 56 పైసలు పెరిగింది. ఈ ధరలు ఉదాహరణకు వేసుకున్నవే గానీ, 2022 వేసవిలో కేంద్రం పది శాతం కలపమని ఆదేశించినప్పుడు జరిగింది ఈ రకం లెక్కే. దీనికి డిస్కం ఇంజినీరును తప్పుపట్టడం అన్యాయం. ఉక్రెయిన్ యుద్ధంతో బొగ్గు ధర ఎగబాకడం అతని చేతిలో లేదు.

మరి చేతిలో ఉన్నది ఏమిటి? లోటును ఎప్పుడు గుర్తించారు, ఎప్పుడు కొన్నారు అన్నది. ఎక్స్ఛేంజిలో రేపటి కరెంటును రోజుకు 96 పావుగంటల ముక్కలుగా ఈరోజే కొంటారు. 2022 మార్చిలో అక్కడ యూనిట్ ధర 20 రూపాయల దాకా వెళ్లింది. కేంద్ర నియంత్రణ మండలి ఏప్రిల్ నుంచి 12 రూపాయల పరిమితి, 2023 ఏప్రిల్‌లో 10 రూపాయల పరిమితి పెట్టింది. దీంతో కొరత తగ్గిపోలేదు. సాయంత్రం అందరూ పదికే అడుగుతారు, ఉన్నది తలా కొంచెం పంచుతారు, మిగతాది ఎక్కడో కోతగా తేలుతుంది. కాబట్టి ముందురోజు ఎక్స్ఛేంజికి వెళ్లడమంటే మిగతా ప్రయత్నాలన్నీ విఫలమైనట్టే. ఆ స్థితికి ఎన్నిసార్లు వెళ్లారన్నది డిస్కం పనితీరుకు అద్దం పట్టే సంఖ్య. బిల్లు కట్టేవాడికి ఆ సంఖ్య ఏ కాగితంలోనూ సులువుగా దొరకదు.

యూరప్ వెనక్కి, మనం ముందుకు

మార్కెట్‌ను పూర్తిగా తెరిస్తే ధర దానంతటదే దిగుతుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. యూరప్ అనుభవం దీన్ని కొంత సడలించాలి. 2022 ఆగస్టులో అక్కడ గ్యాస్ ధర మెగావాట్ అవర్‌కు 300 యూరోలు దాటింది. గంటగంటకు చివరగా అవసరమయ్యే ప్లాంటు ధరే అందరికీ ఇచ్చే పద్ధతి కాబట్టి, గాలికీ నీటికీ కూడా గ్యాస్ ధర దొరికింది. ఎవరు అడిగిన ధర వారికి ఇద్దామంటే, అందరూ చివరి ధర ఎంత ఉంటుందో ఊహించి అదే అడుగుతారు, ఫలితం పెద్దగా మారదు. స్పెయిన్, పోర్చుగల్ 2022 జూన్‌లో విద్యుదుత్పత్తి వరకు గ్యాస్ ధరకు పరిమితి పెట్టి, తేడాను వినియోగదారుల మీద వేరుగా వేశాయి. అక్కడ కరెంటు చవకైంది, అందులో కొంత సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కు పోయింది.

2024లో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన సంస్కరణ గంటల మార్కెట్‌ను అలాగే ఉంచి, కొత్త ప్లాంట్లకు ప్రభుత్వం మద్దతు ఇస్తే రెండువైపులా పనిచేసే ఒప్పందాలు రాయమంది. ధర ఒప్పుకున్నదాని కంటే తగ్గితే ప్రభుత్వం ఇస్తుంది, పెరిగితే ప్లాంటు తిరిగి కట్టాలి. బ్రిటన్‌లో ఇలాంటి ఒప్పందాలు ఉన్న కొన్ని పవన విద్యుత్ కేంద్రాలు 2021-22 చలికాలంలో నిజంగానే తిరిగి కట్టాయి.

అంటే వాళ్లు స్వల్పకాల ధర నుంచి దీర్ఘకాల ఒప్పందం వైపు వస్తున్నారు. మనం ఎక్కువ కరెంటు దీర్ఘకాల పీపీఏల కిందే కొంటూ, ఎక్స్ఛేంజి వైపు వెళ్లాలని తొందరపడుతున్నాం. దేశం మొత్తం కరెంటులో ఎక్స్ఛేంజీల వాటా పదో వంతు లోపే. 2021లో కేంద్రం దేశమంతటికీ ఒకే మెరిట్ ఆర్డర్ పెట్టాలని ప్రతిపాదించింది, రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 2025 జూలైలో మూడు ఎక్స్ఛేంజీల ధరను ఒకటి చేయాలని కేంద్ర మండలి ఆదేశించింది. దాని మీద షేర్ మార్కెట్‌లో పెద్ద కదలికే వచ్చింది. ఇంటి బిల్లులో దాని ప్రభావం పైసల్లో కూడా కనిపించదని నా అంచనా, ఎందుకంటే రేపటి కరెంటు వ్యాపారం దాదాపు మొత్తం ఇప్పటికే ఒకే ఎక్స్ఛేంజిలో జరుగుతోంది. ఒప్పందం అవసరమా, మార్కెట్ అవసరమా అన్న వాదనలో అసలు విషయం జారిపోతోంది. రెండూ అవసరమే. రెంటినీ ఏ పాళ్లలో కలపాలో నిర్ణయించేవారికి ఆ నిర్ణయం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు.

32 రూపాయల్ని విడదీస్తే

ఒక లెక్క ఊహించండి. మండలి ఒక నెలకు 100 యూనిట్లు, సగటున రూ.4.50 చొప్పున 450 రూపాయలు అనుమతించింది. అందులో 90 ఒప్పందాల నుంచి, 10 స్వల్పకాల కొనుగోలు. నిజంగా 104 యూనిట్లు కావలసి వచ్చింది. బొగ్గు వల్ల ఒప్పందపు కరెంటు రూ.4.70 అయింది, 90 యూనిట్లకు 423. మిగిలిన 14 ఎక్స్ఛేంజిలో రూ.5.50 చొప్పున 77. మొత్తం 500. అనుమతించిన ధరకు 104 యూనిట్లంటే 468, కాబట్టి సర్దుబాటు 32 రూపాయలు.

ఈరోజు బిల్లులో కనిపించేది ఆ 32 మాత్రమే. విడదీస్తే 90 యూనిట్ల మీద 20 పైసల చొప్పున 18 రూపాయలు బొగ్గువి. 14 యూనిట్ల మీద రూపాయి చొప్పున 14 రూపాయలు అంచనా, కొనుగోలు సమయం మీద పడేవి. మొదటి 18 మొత్తం వినియోగదారుడు కట్టడం న్యాయమే, బొగ్గు ధరకు డిస్కం బాధ్యత లేదు. రెండో 14లో పది శాతం, అంటే రూ.1.40, డిస్కం మోయాలని నేనంటాను. మొత్తం మీద చూస్తే ఇది చాలా చిన్నది. ఆ 1.40 ఎందుకు పోయిందో నోట్ రాయాల్సిన అధికారి ఒకరు తయారవుతారు, నాకు కావలసింది అదే. అంచనా కంటే తక్కువలో కొంటే మిగిలిన దాంట్లో కూడా అదే పది శాతం డిస్కం ఉంచుకోవచ్చు.

ప్రస్తుత నిబంధనల్లో సరఫరా నష్టాలు, నిర్వహణ ఖర్చు 'నియంత్రించదగినవి', విద్యుత్ కొనుగోలు మొత్తం 'నియంత్రించలేనిది'. ఆ గీత తప్పు చోట గీశారు. బొగ్గు ధర నియంత్రించలేనిది, సరే. మార్చి సాయంత్రం లోటును సెప్టెంబరులో గుర్తించడం నియంత్రించలేనిదేమీ కాదు.

నన్ను ఆలోచనలో పడేసే అభ్యంతరాలు

మొదటిది గట్టిదే. డిస్కంలు ప్రభుత్వానివి. వాటికి నష్టం వేస్తే అది ఎవరి జేబు? ఉదయ్ పథకం కింద రాష్ట్రాలు డిస్కంల అప్పులో 75 శాతం తమ నెత్తిన వేసుకున్నాయి. నష్టం మళ్లీ పన్నుగా మన దగ్గరికే వస్తుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి చెప్పగలను: బడ్జెట్‌లో కనిపించే నష్టం మీద శాసనసభలో ప్రశ్న వస్తుంది, మీటరుకు పంచేసిన నష్టం మీద రాదు.

రెండోది నాకు మరింత ఆందోళన కలిగిస్తుంది. ఎక్స్ఛేంజిలో కొంటే శిక్ష ఉందని తెలిస్తే, డిస్కం భయపడి అవసరానికి మించి పీపీఏలు రాసుకుంటుంది. అప్పుడు వాడని ప్లాంటుకు పాతికేళ్లు ఫిక్స్‌డ్ ఛార్జీ కట్టాలి, ఎక్స్ఛేంజి కంటే అది ఖరీదు. అందుకని పది శాతం వాటా రెండో వైపు కూడా ఉండాలి. అనుమతించిన దానికంటే ఎక్కువగా, తీసుకోని కరెంటుకు కట్టిన ఫిక్స్‌డ్ ఛార్జీలో కూడా అదే పాళ్లు డిస్కం భరించాలి. కొత్త ఒప్పందాలు రోజంతా సరఫరాకు కాకుండా సాయంత్రం 6 నుంచి 10 వరకు మాత్రమే రాసుకునేలా కూడా ఇది తోస్తుంది. బ్యాటరీలు, పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజి అక్కడ పనికొస్తాయి. మధ్యాహ్నం చవక కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలే ప్లాంటు విలువ సగటు ధరలో కనిపించదు, గంటల లెక్కలోనే కనిపిస్తుంది.

మూడోది వ్యవసాయం. బోర్లకు ఎక్కువ చోట్ల మీటర్లు లేవు, ఆ వాడకం అంచనాయే. అంచనా పెంచితే నష్టాలు తగ్గినట్టు కనిపిస్తాయి, తగ్గిస్తే పెరిగినట్టు. లెక్కలో ఇంత సందేహం ఉన్నప్పుడు డిమాండ్ అంచనాకు జరిమానా వేయడం సాధ్యమేనా? రైతు బోరుకు మీటరు పెట్టాలన్న వాదనలోకి నేను వెళ్లను, ఆ గొడవ వేరు. వ్యవసాయ ఫీడరు (బోర్లకు కరెంటు తీసుకెళ్లే లైను) విడిగా ఉన్న చోట సబ్‌స్టేషన్ దగ్గరి మీటరు చాలు. పావుగంటకోసారి రీడింగు అక్కడే దొరుకుతుంది, దాంతో అంచనా తప్పును తొంభై శాతం కాకపోయినా సగమైనా పట్టుకోవచ్చు.

నాలుగోది మండలికే తగులుతుంది. టారిఫ్ పెంచకుండా చూపించడానికి ఉత్తర్వులో స్వల్పకాల కొనుగోలును తక్కువ ధరకు అనుమతిస్తే, తర్వాత ట్రూఅప్ రావడం ఖాయం. దానికి డిస్కంను శిక్షించడం అన్యాయం. అందుకని డిస్కం అడిగినదీ, మండలి కోసినదీ, జరిగినదీ మూడూ పక్కపక్కన ప్రచురించాలి. కోత వల్ల వచ్చిన తేడా మీద డిస్కంకు వాటా వేయకూడదు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో, వసూలు వాయిదా వేస్తూ పేర్చిన పాత బాకీలను నిర్ణీత గడువులో తీర్చెయ్యమని అన్ని రాష్ట్రాల మండళ్లకూ చెప్పింది. ఇక దాచడానికి చోటు తక్కువ. కాబట్టి వచ్చే ఏఆర్‌ఆర్ విచారణలో అడగవలసినవి సూటిగా మూడే. మార్చి నెలకు సాయంత్రం 6 నుంచి 10 వరకు ఎన్ని మెగావాట్ల లోటు వేశారు? సెప్టెంబరులో ఆ లెక్క మళ్లీ చూశారా, చూస్తే ఏం మార్చారు? గత మార్చిలో ముందురోజు ఎక్స్ఛేంజిలో 10 రూపాయలకు కొన్న పావుగంటలు ఎన్ని? ఈ మూడో సంఖ్య, రాష్ట్రంలో కరెంటు సరఫరాను క్షణక్షణం నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది, దాన్ని జనం ముందు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.